చలికాలంలో బండికి గ్లవ్స్: వెచ్చదనం ఒక్కటే చూసి కొనకండి



కార్తీకం వచ్చేసరికి మన ఇళ్ళలో రెండు పనులు మొదలవుతాయి. పెట్టెలోంచి స్వెట్టర్లు దించడం ఒకటి. పొద్దున్నే బండి తీసే పిల్లలకు "చేతులకు ఏమైనా వేసుకుని వెళ్ళు" అని చెప్పడం రెండోది. వాళ్ళు బజారులో దొరికిన ఉన్ని గ్లవ్స్ వేసుకుని వెళ్తారు, మనం నిశ్చింతగా ఉంటాం. ఇప్పుడు చాలా ఇళ్ళకు ఎలక్ట్రిక్ స్కూటర్లు వచ్చాయి కాబట్టి ఆ నిశ్చింత ఎంతవరకు సబబో చూద్దామని ఇది రాస్తున్నాం.

మొదటి సంగతి. ఈ స్కూటర్లలో దాదాపు అన్నిటికీ రెండు బ్రేకులూ చేతిలోనే ఉంటాయి, కాలితో తొక్కేది ఉండదు. అంటే బండి ఆగడం పూర్తిగా మన వేళ్ళ మీద ఆధారపడి ఉంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. కొయ్యబారిన వేళ్ళు లివరు నొక్కడానికి అర సెకను ఆలస్యం చేస్తే, అయిదున్నర మీటర్లు ముందుకు పోయాకే బ్రేకు పడుతుంది. ముందున్న ఆటోను తప్పించుకోవడానికీ, గుద్దడానికీ మధ్య తేడా అంతే.

వేళ్ళు ఎందుకు కొయ్యబారతాయి? చలిలో శరీరం తన లోపలి వేడిని కాపాడుకోవడానికి వేళ్ళకు వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తుంది. దాంతో స్పర్శ మందగిస్తుంది, పట్టు సడలుతుంది. గాలి తోడైతే ఇంకా త్వరగా. కెనడా, అమెరికా వాతావరణ శాఖలు వాడే లెక్క ప్రకారం 10 డిగ్రీల చలిలో 40 కిలోమీటర్ల వేగపు గాలి తగిలితే ఒంటికి 6 డిగ్రీల్లా ఉంటుంది. కోరాపుట్, సిమిలిగుడ వైపు వారికి, ఊటీ వారికి, పుణె శివార్లలో తెల్లవారుజామున డ్యూటీకి వెళ్ళేవారికి ఇది కొత్త కాదు. బెంగళూరు, హొసూరుల్లో అంత చలి లేకపోయినా అరగంట ప్రయాణానికి వేళ్ళు బిగుసుకుంటాయి. షుగరు ఉన్న పెద్దలకు వేళ్ళలో స్పర్శ ముందే తగ్గి ఉండవచ్చు కాబట్టి, చలి ఎంత పట్టిందో వారికి తెలియకపోవచ్చు.

మరో మాట. వేళ్ళను ముడిచే ముఖ్యమైన కండరాలు మోచేతికీ మణికట్టుకూ మధ్య ఉంటాయి. కాబట్టి గ్లవ్స్ ఎంత మంచివైనా ముంజేయి చల్లబడితే పట్టు తగ్గుతుంది. గ్లవ్ అంచు చొక్కా చేతి మీదకు రావాలి, మధ్యలో గాలి దూరే సందు ఉండకూడదు.

ఇక కొనేటప్పుడు చూడవలసినవి వరుసగా చెబుతాం.

ఒకటి, బ్రేకు. అంగడిలోనే గ్లవ్స్ వేసుకుని బయట నిలిపిన మీ బండి దగ్గరకు వెళ్ళండి. బండి ఆపి ఉంచి రెండు లివర్లూ పదిసార్లు నొక్కి వదలండి. వేళ్ళ చివర గుడ్డ మిగిలి లివరుకు అడ్డం పడినా, అరచేతిలో మడతలు పడినా ఆ జత వద్దు. దూది దట్టంగా కుక్కిన గ్లవ్స్‌తో యాక్సిలరేటరు ఎంత తిప్పామో చేతికి తెలియదు. ఎలక్ట్రిక్ బండి చప్పుడు చేయదు, తిప్పిన వెంటనే దూకుతుంది. అందుకే బండిని తోసేటప్పుడు, నిలిపేటప్పుడు మోటారు ఆపి ఉంచడం అలవాటు చేసుకోవాలి.

రెండు, పడినప్పటి రక్షణ. మనిషి పడితే తెలియకుండానే ముందు అరచేతులు చాస్తాడు. ఉన్ని అల్లిక తారు రోడ్డు మీద వెంటనే చిరిగిపోతుంది, పైగా హ్యాండిల్ మీద జారుతుంది. అరచేతి వైపు తోలు ఉండాలి. మేక తోలు పల్చగా ఉండి గట్టిగా ఉంటుంది, లివరు బాగా తెలుస్తుంది. అరచేతి అడుగున, మణికట్టుకు దగ్గరగా గట్టి ప్లాస్టిక్ బిళ్ళ ఉంటే ఇంకా మంచిది. చెయ్యి రోడ్డుకు పట్టుకోకుండా జారుతుంది, మణికట్టు మీద విరుపు తగ్గుతుంది. మణికట్టు పట్టీ బిగించి, వేళ్ళ చివర పట్టుకుని లాగి చూడండి. ఊడి వస్తే పడినప్పుడూ ఊడుతుంది.

మూడు, గాలి, తడి, వెచ్చదనం. పై పొర గాలిని ఆపాలి, లోపలి పొర పల్చగా మెత్తగా ఉంటే చాలు. గాలి ఆగితే సగం చలి ఆగినట్టే.

నాలుగు, సైజు. బొటనవేలు వదిలి, పిడికిలి కణుపుల దగ్గర చెయ్యి చుట్టూ టేపుతో కొలవండి. 20 సెంటీమీటర్లు వస్తే 8వ సైజు, చాలా కంపెనీల్లో అదే ఎం. మరీ బిగుతైతే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి.

లేబులు చదవడం కూడా తెలుసుకుందాం. మోటారుసైకిలు గ్లవ్స్‌కు యూరోపు ప్రమాణం ఈఎన్ 13594. లేబులు మీద ఆ అంకె, బండి బొమ్మ, 1 లేదా 2 అనే స్థాయి ఉంటాయి. కేపీ అని ఉంటే కణుపుల రక్షణ పరీక్ష కూడా నెగ్గినట్టు. మంచు గుర్తుతో ఈఎన్ 511 అని ఉంటే అది చలికి సంబంధించిన పరీక్ష మాత్రమే, పడితే కాపాడుతుందని కాదు. ఈ రెండూ ఒకటే అని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

కొన్ని ఇళ్ళలో పిల్లల చేతికి ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డులు కూడా వచ్చాయి. అక్కడ పట్టుకోవడానికి హ్యాండిలే లేదు, బ్రేకు చేతిలోని రిమోట్ మీద బొటనవేలి కింద ఉంటుంది. కాబట్టి రిమోట్ పట్టే చేతి బొటనవేలు స్వేచ్ఛగా కదలాలి. పడడం మాత్రం స్కూటరు కంటే ఎక్కువ, అదీ అరచేతుల మీదే. వారికి గట్టి బద్ద ఉన్న మణికట్టు గార్డులు కావాలి. వాటి ప్రమాణం ఈఎన్ 14120. గార్డు కింద పల్చని వెచ్చని గ్లవ్ వేసుకోవచ్చు. రోడ్డెక్కక ముందు ఖాళీ ఆవరణలో బ్రేకు సరిగా అందుతోందో లేదో చూసుకోవాలి.

ఎంత జాగ్రత్తపడినా ఎవరైనా పడవచ్చు. చెయ్యి ఆనించి పడ్డాక బొటనవేలి మొదట్లో, మణికట్టు గుంటలో నొప్పి ఉంటే తేలిగ్గా తీసుకోకండి. అక్కడ స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంది. దానిలో బీట మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. రక్తప్రసరణ తక్కువ కాబట్టి వదిలేస్తే సరిగా అతకదు. ఎక్స్‌రే బాగుందన్నా నొప్పి తగ్గకపోతే పది, పద్నాలుగు రోజుల్లోపు మళ్ళీ ఎముకల డాక్టరుకు చూపించాలి. బెణుకే కదా అని పట్టు వేయించుకుని ఊరుకోవద్దు.

యానాం, బరంపురం వారు చలి మాకెక్కడిది అనవచ్చు. తారు రోడ్డుకు ఋతువులు లేవు. వారికి గాలి ఆడే జాలీ వీపు, తోలు అరచెయ్యి ఉన్న జత సరిపోతుంది, చెమటకు హ్యాండిల్ జారదు.

మోటారు వాహనాల చట్టం హెల్మెట్ తప్పనిసరి చేసింది, గ్లవ్స్ చేయలేదు. కాబట్టి ఇది ఇంట్లో మనం పెట్టుకోవలసిన నియమం. పండుగ బట్టల ఖర్చులో ఒక జత గ్లవ్స్ కూడా రాయండి. తడిస్తే పొయ్యి దగ్గర కాక నీడలో ఆరబెట్టండి. అరచేతి కుట్లు ఊడిన జతను ఇంకో ఏడాది లాగవద్దు. ఈ వారం పిల్లల బండి దగ్గరకు వెళ్ళి, వారి గ్లవ్స్‌తోనే ఒకసారి లివరు నొక్కించి చూడండి.