ఉపగ్రహానికొక దుబాసి

మేము పగలంతా కచేరీలో కన్నడంలో కాగితాలు వ్రాసి, ఇంటికి వచ్చి తెలుగులో మాట్లాడుకొనే గుమాస్తాలం. దుబాసి విలువ మాకు తెలుసు. ఉపగ్రహాలకు కూడ అటువంటి దుబాసి కలడంటే పాఠకులు నవ్వవచ్చు; కాని నిజం.

పూర్వం ఉపగ్రహంలోని కంప్యూటరు మారితే, దానిని నడిపే సాఫ్ట్‌వేరును చాలవరకు తిరిగి వ్రాయవలసి వచ్చేది. ఈ వృథాశ్రమ తగ్గించడానికి అమెరికాలో నాసావారి గొడార్డు కేంద్రం 'కోర్ ఫ్లైట్ సిస్టమ్' అనే ఏర్పాటు చేసింది. ఇందులో పనికొక విభాగం. విభాగాలు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడవు; కచేరీ టపా వలె సందేశాలన్నీ ఒకే మార్గాన పోతాయి. అడుగున ఒక పొర దుబాసిగా ఉండి, యంత్రం మాట పైకి, పైమాట యంత్రానికి చేరవేస్తుంది. యంత్రం మారితే ముఖ్యంగా మార్చవలసినది ఆ పొరనే. 2013లో చంద్రుని వద్దకు వెళ్ళిన లాడీ నౌకను కట్టినది ఏమ్స్ కేంద్రం. ఐనా గొడార్డువారి సాఫ్ట్‌వేరే దానికి ఆధారమైనది.

అయితే ఒక హెచ్చరిక. 1996లో ఐరోపావారి ఏరియేన్-5 రాకెట్టు, ఏరియేన్-4 నుంచి తెచ్చిన సాఫ్ట్‌వేరులో ఒక పెద్ద అంకె పట్టక, ఎగిరిన నిమిషంలోపే నాశనమైంది. ఎరువు తెచ్చుకొన్నది కొత్త యింట సరిపోతుందో లేదో పరీక్షించి మరీ వాడాలి. దుబాసి ఉన్నాడు గదా అని, చదవకుండా సంతకం చేస్తామా?