సోలో రైడ్‌కి మన్యం వెళ్తున్నారా? ఘాట్ రోడ్డు అందరిదీ.. పక్కనున్న అడవి మాత్రం కాదు!

ఎలమంచిలి: ఒక బైక్, వెనక ఒక బ్యాగు, రెండు మూడు రోజుల సెలవు. ఎండలు మొదలయ్యాయంటే చాలు, ఒంటరిగా కొండల దారి పట్టే కుర్రాళ్లకు కొదవ ఉండదు. అందుకోసం ఎలమంచిలి వాళ్లు హిమాలయాల దాకా పోనక్కర్లేదు. హైవే మీద తుని వైపు వెళ్లి అడ్డరోడ్డు దగ్గర కుడికి తిరిగితే కోటవురట్ల మీదుగా నర్సీపట్నం వచ్చేస్తుంది. అక్కడి నుంచి దారులు రెండు. ఒకటి లంబసింగి, చింతపల్లి, పాడేరు మీదుగా అరకుకు. రెండోది కృష్ణదేవిపేట, కొయ్యూరు, రాజవొమ్మంగి, అడ్డతీగల మీదుగా రంపచోడవరం, మారేడుమిల్లికి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు వరుసగా దాడి చేసిన చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లు ఈ రెండు దారుల్లోనే ఉన్నాయి.

రెండో దారిలో వెళ్తే పాపికొండ జాతీయ పార్కు పరిసరాలకు చేరుకోవచ్చు. గోదావరికి రెండు వైపులా వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఈ అడవి 1978 నుంచి అభయారణ్యం. 2008లో జాతీయ పార్కు అయింది. పేరు మారితే ఏమవుతుందిలే అనుకుంటారు చాలామంది. కానీ చాలా మారుతుంది. అభయారణ్యంలో పశువుల మేతకు అధికారులు అనుమతి ఇచ్చే వీలుంది. జాతీయ పార్కులో అదీ కుదరదు.

మరి బైక్ మీద వెళ్లేవాళ్ల సంగతేంటి? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనే దీనికి జవాబు ఉంది. రక్షిత అడవి గుండా పబ్లిక్ రోడ్డు మీద ప్రయాణించే వారికి పర్మిట్ అక్కర్లేదు. అయితే ఆ మినహాయింపు రోడ్డు వరకే. వాటర్‌ఫాల్స్ చప్పుడు వినిపించిందని బండి పక్కన పెట్టి లోపలికి నడిస్తే, అదే మనిషి అనుమతి లేకుండా ప్రవేశించిన వాడవుతాడు. టెంట్ వేసుకున్నా, చలిమంట పెట్టినా అంతే. చట్టం ఉల్లంఘిస్తే మూడేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదంటే రెండూ పడొచ్చు. 2022 సవరణకు ముందు ఈ జరిమానా 25 వేలే. రాత్రి అడవిలోనే గడపాలని ఉంటే మారేడుమిల్లిలో అటవీ శాఖ ఆధ్వర్యంలో నడిచే ఎకో టూరిజం బసలు ఉన్నాయి. ముందే అడిగి వెళ్లడం మేలు.

లంబసింగి అనగానే మంచు, స్వెటర్లు గుర్తొస్తాయి. అది డిసెంబరు, జనవరి ముచ్చట. సముద్ర మట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తుకు వెళ్తే ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది, అంతే. ఎలమంచిలిలో 40 ఉంటే పైన 33, 34 అన్నమాట. పైగా అసలు ఎండ దెబ్బ తగిలేది కొండ మీద కాదు, నర్సీపట్నం చేరేలోపు మైదానంలోనే. తెల్లారకుండానే బయల్దేరితే ఆ బాధ తప్పుతుంది.

మధ్యాహ్నం దాటాక ఇంకో తిప్పలు. ఏప్రిల్, మే నెలల్లో కొండల మీద ఉన్నట్టుండి మబ్బు కమ్మి, ఉరుములతో వాన కురుస్తుంది. కింద చినుకు లేకపోయినా పైన పడిన వానకి గెడ్డ పొంగి రోడ్డు మీదకి వచ్చేస్తుంది. నీరు ఎర్రగా మారి, కొట్టుకొచ్చిన ఆకులు, పుల్లలు కనిపిస్తే ఆగిపోవాల్సిందే. గంటో రెండు గంటలో ఓపిక పడితే తగ్గుతుంది. పిడుగులు పడుతుంటే చెట్టు కిందకు పోకుండా, దగ్గరలోని ఊళ్లో ఇల్లో, బడో చూసుకోవాలి.

ఘాట్‌లో ప్రమాదం ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే ఎక్కువ. పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో వదిలేసి, బ్రేకు మీదే భారం వేస్తారు కొందరు. అలా నొక్కుతూనే ఉంటే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగాలని లారీ డ్రైవర్లు చెప్పే మాట బైక్‌కీ వర్తిస్తుంది. గేర్లు లేని స్కూటర్‌కి ఇంజిన్ పట్టు తక్కువ. కాబట్టి మధ్య మధ్యలో ఆపి చల్లారనివ్వాలి.

చైత్ర మాసంలో వెళ్లేవారికి మన్యంలో ఇటుకల పండుగ ఎదురవుతుంది. మగవాళ్లు వేటకు వెళ్తే, ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా కర్రో తాడో కట్టి, పాటలు పాడుతూ వచ్చే పోయే బళ్లను ఆపుతారు. దారి దోపిడీ అనుకుని కంగారు పడేది కొత్తవాళ్లే. అది పండుగ మామూలు. జేబులో పది, ఇరవై రూపాయల చిల్లర ఉంచుకుంటే నవ్వుతూ దాటిపోవచ్చు. ఫోటో మాత్రం అడిగాకే తీయాలి.

ఆ ఒక్క బ్యాగు ముట్టుకోవద్దు

ఒంటరిగా వెళ్లేవాళ్లు అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. ఏజెన్సీ నుంచి గంజాయి రవాణాను అడ్డుకునేందుకు చెక్‌పోస్టుల్లో పోలీసులు బళ్లు ఆపి తనిఖీ చేస్తుంటారు. దారిలో ఎవరో పరిచయమై, "తమ్ముడూ, కిందకే కదా వెళ్తున్నావ్, ఈ బ్యాగు మావాడికి ఇచ్చెయ్" అంటే మొహమాటపడితే అయిపోయినట్టే. మత్తు పదార్థాల చట్టం ప్రకారం సరుకు ఎవరి దగ్గర దొరికితే వాళ్లకి తెలిసే ఉందని కోర్టు భావిస్తుంది. తెలియదని నిరూపించుకోవాల్సిన భారం పట్టుబడిన వాడిదే. గంజాయి కిలో లోపు ఉంటే ఏడాది వరకు, కిలో దాటి 20 కిలోల లోపు ఉంటే పదేళ్ల వరకు జైలు. అంతకు మించితే తక్కువలో తక్కువ పదేళ్లు, 20 ఏళ్ల దాకా పడొచ్చు. బండి కూడా పోతుంది. లిఫ్ట్ ఇచ్చిన మనిషి బ్యాగు విషయంలోనూ ఇదే లెక్క. ఇద్దరు ముగ్గురు ఉంటే ఎవరో ఒకరు వద్దని చెయ్యి పట్టుకుంటారు. సోలో రైడర్‌కి ఆ తోడు ఉండదు.

ఇక చిన్న సంగతులు. నర్సీపట్నంలోనే ట్యాంకు ఫుల్ చేయించుకోవాలి. లోపల చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి, దారిలోని ఊళ్ల పేర్లు కాగితం మీద రాసుకోవాలి. ఏ దారిలో వెళ్తున్నారో, ఎన్ని గంటలకు ఫోన్ చేస్తారో, ఆ టైమ్ దాటితే ఎంతసేపు ఆగి 112కి చెప్పాలో ఇంట్లో చెప్పి మరీ బయల్దేరాలి. చెప్పిన దారి మారితే, సిగ్నల్ ఉన్న ఆఖరి ఊళ్లోనే ఆ మాట ఇంటికి చేరవేయాలి.