ఇంకు అయిపోయిందని ప్రింటర్‌కు ఎలా తెలుసు?

ఫొటో ప్రింటర్ ‘ఇంకు తక్కువగా ఉంది’ అనగానే కొందరు పరుగున వెళ్లి కొత్త కార్ట్రిడ్జ్ కొంటారు. మరికొందరు ఇదంతా కంపెనీల ఎత్తుగడ అని కొట్టిపారేస్తారు. ఇద్దరూ పొరబడుతున్నది ఒకే చోట. ప్రింటర్ లోపలికి తొంగిచూసి ఇంకు కొలిచి చెబుతోందని ఇద్దరూ నమ్ముతున్నారు. అది చెప్పేది చాలావరకు అంచనా. అంచనాను అంచనాగానే వాడుకుంటే ఇంకూ మిగులుతుంది, యంత్రమూ నిలుస్తుంది.

అపోహ: హెచ్చరిక వచ్చిందంటే కార్ట్రిడ్జ్ ఖాళీ అయినట్టే.

వాస్తవం: ఇంక్‌జెట్ ప్రింటర్ తాను కాగితంపై చిమ్మిన చుక్కలను లెక్కపెట్టుకుంటుంది. ఒక్కో చుక్క కొన్ని పికోలీటర్లే. పికోలీటరంటే లీటరులో లక్ష కోట్లవ వంతు. ఆ చుక్కలకు, ఇంకు చిమ్మే భాగమైన హెడ్ క్లీనింగ్‌లో పోయిన ఇంకు కలిపి, మొదట ఉన్న పరిమాణంలోంచి తీసేస్తుంది. చాలా కార్ట్రిడ్జ్‌లలో ఈ పద్దు చిన్న చిప్‌లో ఉంటుంది. రీఫిల్ చేసేవారికి ఇది బాగా తెలుసు: నిండా ఇంకు పోసినా చిప్ ఖాళీ అనే అంటుంది, చిప్ రీసెట్ చేస్తే ఖాళీ కార్ట్రిడ్జ్ కూడా నిండుగా కనిపిస్తుంది. నిజంగా చూసే సెన్సర్లు అసలు లేవా అంటే, ఉన్నాయి. కెనాన్ విడి ట్యాంకులు చాలావాటి అడుగున చిన్న పట్టకం ఉంటుంది. దాని మీద కాంతి పడేసి ద్రవం ఉందో లేదో ప్రింటర్ పసిగడుతుంది. కానీ ద్రవం అయిపోయాక కూడా పక్క గదిలోని స్పాంజిలో కొంత ఇంకు మిగులుతుంది. అందుకే అక్కడ కూడా తొలి హెచ్చరిక ముందుగానే వస్తుంది.

అపోహ: ఇదంతా మోసం, పట్టించుకోనక్కర్లేదు.

వాస్తవం: అనుమానం ఊరికే పుట్టలేదు. ఇంకు మిగిలుండగానే కార్ట్రిడ్జ్ పనిచేయడం మానేస్తోందన్న ఆరోపణపై అమెరికాలో నడిచిన దావాను 2006లో ఎప్సన్ రాజీతో ముగించుకుంది. పారేసే కార్ట్రిడ్జ్‌లో మిగిలేది కొనుగోలుదారు సొమ్మే, అందులో వాదన లేదు. అయితే కొంత ఇంకును అడుగున ఉంచడానికి సాంకేతిక కారణమూ ఉంది. కెనాన్, హెచ్‌పీ హెడ్‌లు ఇంకును వేడిచేసి, పుట్టిన బుడగ ఒత్తిడితో చుక్కను చిమ్ముతాయి. ఇంకు లేకుండా అవి పనిచేస్తే వేడిని పీల్చుకునేదేమీ లేక హీటర్లు దెబ్బతింటాయి. వేడి లేకుండానే చుక్కను తోసే ఎప్సన్ పీజో హెడ్‌లోకి గాలి చేరితే దాన్ని బయటికి తోయడానికి మళ్లీ బోలెడు ఇంకు ఖర్చు. హెచ్‌పీ మోడళ్లలో చాలావాటికి హెడ్ కార్ట్రిడ్జ్‌లోనే ఉంటుంది కాబట్టి చివరిదాకా వాడినా పెద్ద నష్టం లేదు. కొత్త కార్ట్రిడ్జ్‌తో కొత్త హెడ్ వస్తుంది. హెడ్ యంత్రానికే బిగించి ఉన్న ప్రింటర్లలో ఆ వెసులుబాటు లేదు. కెనాన్ ప్రింటర్లు కొన్నింటిలో స్టాప్ బటన్‌ను కనీసం 5 సెకన్లు నొక్కి పట్టుకుంటే ఇంకు లెక్క ఆగిపోయి ప్రింట్ కొనసాగుతుంది. అక్కడి నుంచి కాపలా మనదే.

అపోహ: వేసింది కొన్ని ఫొటోలే, అదీ నలుపు-తెలుపు, కలర్ ఇంకు తగ్గే అవకాశమే లేదు.

వాస్తవం: పెట్టెపై రాసే పేజీల సంఖ్యకు సాధారణంగా ఐఎస్‌ఓ 24711 ప్రమాణం ఆధారం. అవి అక్షరాలు, బొమ్మలు కలిసిన ఆఫీసు పేజీలు, చాలా భాగం తెల్లగానే ఉంటాయి. ఫొటో కాగితమంతా పరుచుకుంటుంది కనుకనే దానికి 29102 అనే వేరే ప్రమాణం పెట్టారు. నలుపు-తెలుపు ఫొటోలో బూడిద ఛాయల కోసం చాలా ప్రింటర్లు రంగు ఇంకులనూ కలుపుతాయి. పైగా సాదా కాగితానికి ఉద్దేశించిన పిగ్మెంట్ నలుపును పలు మోడళ్లు గ్లాసీ పేపర్‌పై అసలు వాడవు. ఇక క్లీనింగ్ నొక్కిన ప్రతిసారీ ఇంకు వృథా ప్యాడ్‌లోకే పోతుంది.

అపోహ: ఏ ఫొటో ప్రింటర్‌కైనా ఒకటే సూత్రం.

వాస్తవం: ట్యాంక్ ప్రింటర్లు చాలావాటిలో ‘నింపాను’ అని మనం చెబితే సాఫ్ట్‌వేర్ నమ్మేస్తుంది. కాబట్టి ట్యాంక్ గోడపై ఉన్న కనిష్ఠ గీతనే చూడాలి, ఇంకు దాని కిందికి దిగకూడదు. కెనాన్ సెల్ఫీ వంటి డై-సబ్లిమేషన్ ప్రింటర్లకు ఇంకే లేదు, రిబ్బన్ ఉంటుంది. ఫొటో చీకటిగా ఉన్నా తెల్లగా ఉన్నా మూడు రంగులకు, పైపూతకు ఒక్కో పలక ఖర్చవుతుంది. అక్కడ ఎన్ని ప్రింట్లు మిగిలాయో కచ్చితంగా చెప్పొచ్చు.

ఇంతకీ ఇంక్‌జెట్ హెచ్చరిక వస్తే చేయాల్సిందేమిటి? సాదా కాగితంపై నాజిల్ చెక్ వేయండి. అన్ని రంగుల గీతలూ తెగకుండా వస్తే పని కొనసాగించి, అదనపు కార్ట్రిడ్జ్ దగ్గర పెట్టుకోండి. గీతలు తెగడానికి నాజిల్ మూసుకుపోవడమూ కారణం కావచ్చు కదా అంటే, నిజమే. లెవెల్ బాగానే ఉండి గీతలు తెగితే ఒకసారి క్లీనింగ్ చేయండి. హెచ్చరిక వచ్చిన రంగే తెగిపోతే క్లీనింగ్ జోలికి పోకుండా కార్ట్రిడ్జ్ మార్చండి, ఉన్న కాస్త ఇంకూ ప్యాడ్ పాలు కాకుండా.