శత్రుశాసనములయందు ఇశ్రాయేలు రాజ్యములు

బైబిలును పఠించిన తెలుగువారికి దావీదు, సొలొమోనుల నామములు బాల్యమునుండియు పరిచితములే గాని, ఒమ్రీ యను రాజును జ్ఞాపకముంచుకొనినవారు మిక్కిలి యరుదు. అది పాఠకుల దోషము గాదు. ఆ రాజు పరిపాలనమును రాజుల గ్రంథము కొలది వచనములలో ముగించి, దుష్టుడని నిందించి, ముందునకు సాగిపోవును. అయినను క్రీస్తుకు పూర్వము తొమ్మిదవ శతాబ్దమునందు చుట్టుపట్ల రాజులు ఇశ్రాయేలును గూర్చి శిలలమీద చెక్కించినపుడు, ఆ దేశమునకు గుర్తుగా నిలిచిన పేరు ఒమ్రీదే.

సొలొమోను మరణానంతరము, క్రీ.పూ. 930 ప్రాంతమున, వెట్టిచాకిరిచే విసిగిన ఉత్తరగోత్రములవారు షెకెమునందు అతని కుమారుడగు రెహబామును దర్శించి భారము తగ్గింపుమని వేడగా, అతడు దానిని మరింత పెంచెదనని పరుషముగా పలికెననియు, అందుచేత రాజ్యము రెండుగా చీలెననియు బైబిలు చెప్పుచున్నది. దావీదు వంశమునకు యెరూషలేమును, దానిచుట్టునున్న యూదా కొండసీమయు మిగిలినవి; ఉత్తరభాగము ఇశ్రాయేలను పేరు నిలుపుకొని యరొబాము ఏలుబడిలోనికి పోయెను. ఈ రెండింటిలో చిన్నదియు బీదదియు యూదాయే. ఉత్తరమున వర్షమధికము, యెజ్రెయేలు మైదానము సారవంతము. ఐగుప్తునుండి దమస్కునకు పోవు వర్తకమార్గము ఆ మైదానము గుండనే సాగెడిది. అయితే యూదాను దాదాపు తుదివరకు ఒక్క వంశమే పాలింపగా, ఉత్తరమున రాజులను చంపి రాజులగుట పరిపాటియయ్యెను. అట్టి కల్లోలమునందే సైన్యము తన సేనాధిపతియగు ఒమ్రీని రాజుగా నెన్నుకొనెను.

అతడు షెమెరు అనువానికి రెండు తలాంతుల వెండి యిచ్చి ఒక కొండను కొని, దానిమీద షోమ్రోను నగరమును నిర్మించెను. అచ్చటి త్రవ్వకములలో దొరకిన దంతపు చెక్కడములును, ద్రాక్షారసమునకును నూనెకును లెక్కలు వ్రాసిన పెంకులును ఆ రాజధాని సంపదకు నేటికిని సాక్ష్యములు. 1868లో మృతసముద్రమునకు తూర్పున బయల్పడిన మోయాబు రాజగు మేషా శాసనము, ఒమ్రీ తమ దేశమును బహుకాలము అణగద్రొక్కెనని వాపోవుచున్నది. తమ దేవుడగు కెమోషు స్వదేశముపై కోపించుటయే దానికి కారణమట. స్వజనుల ఓటమికి స్వదైవము ఆగ్రహమే హేతువను ఈ భావమును యూదా ప్రవక్తలయందు చూచిన మనకు, శత్రువుల నోటను అదే మాట వినబడుట నిజముగా ఆశ్చర్యము గొలుపును.

ఒమ్రీ కుమారుడైన అహాబు, యెజెబెలు భర్తగను ఏలీయా ప్రవక్తకు విరోధిగను మనకు తెలిసినవాడు. కాని క్రీ.పూ. 853లో కర్కర్ యుద్ధమున అష్షూరు చక్రవర్తియగు షల్మనేసెరును ఎదిరించిన రాజకూటమిలో రెండువేల రథములతోను పదివేల కాల్బలముతోను నిలిచినవాడు అతడేయని ఆ చక్రవర్తి శాసనమే చెప్పుచున్నది. అంకెలు కొంత పెంచి చెప్పినవే యనుకొన్నను, అంత ప్రధానమైన యుద్ధమును గూర్చి బైబిలునందు ఒక్క మాటయైనను లేకపోవుట గమనింపదగినది. తరువాత యెహూ అనువాడు ఒమ్రీ వంశమును సమూలముగా సంహరించి రాజయ్యెను. అష్షూరువారు తమ నల్లరాతి స్తంభముమీద, కప్పము చెల్లించుచున్న ఆ యెహూనే ఒమ్రీ కుమారుడని వ్రాయించిరి! ఆ వంశము నశించినను ఆ దేశము వారి దృష్టిలో ఒమ్రీ ఇల్లుగనే నిలిచెను.

క్రీ.పూ. 722 ప్రాంతమున షోమ్రోను అష్షూరువారి వశమయ్యెను. 27,290 మందిని చెరగొనిపోతినని సర్గోను చక్రవర్తి చాటుకొనెను. యూదా మాత్రము మరి సుమారు నూటముప్పదియైదేండ్లు బ్రదికెను. రెండు రాజ్యముల కీర్తిలోని వ్యత్యాసమంతయు ఈ యవధియందే యున్నదని నా నమ్మకము. ఉత్తరమునుండి పారివచ్చినవారు తమ కథలను వెంటదెచ్చికొనిరి. ఆ యవధిలోనే యూదా రాజగు హిజ్కియా గిహోను ఊటనీటిని యెరూషలేము కోటలోనికి తెచ్చుటకు 533 మీటర్ల సొరంగమును కొండలో తొలిపించెను. రెండు కొసలనుండి త్రవ్వుచు వచ్చిన పనివారు ఒకరి కేక నొకరు విని కలసికొనిన ముహూర్తమును వర్ణించు శాసనము 1880లో ఆ సొరంగము గోడపై దొరకెను. అందు రాజు పేరు లేదు, రాళ్లు త్రవ్వినవారి ఆనందమే కలదు. ప్రాచీనలోకపు శాసనములలో నాకింతకన్న ప్రియమైనది లేదు. క్రీ.పూ. 701లో అష్షూరు రాజగు సన్హెరీబు యూదాలోని 46 దుర్గములను పట్టుకొనియు యెరూషలేమును పట్టలేకపోయెను. హిజ్కియా ముప్పది తలాంతుల బంగారమును కప్పముగా నిచ్చెనని సన్హెరీబు శాసనమును బైబిలును ఏకకంఠముగా చెప్పుచున్నవి. వెండి లెక్కయందు మాత్రము భేదించుచున్నవి.

క్రీ.పూ. 586లో బబులోను రాజగు నెబుకద్నెజరు యెరూషలేమును దహించెను. అయినను అప్పటికే అచ్చటి లేఖకుల చేతిలో గ్రంథములుండెను. బబులోనునకు చెరగొనిపోబడినవారు వానిని అచ్చట పూర్తిచేసిరి. ఆలయము యెరూషలేమునందే యుండవలెనను కొలతతో వారు ప్రతిరాజును తూచిరి గనుక, బేతేలునందును దానునందును బంగారుదూడలను నిలిపిన ఉత్తరరాజ్యమునకు వారి త్రాసులో బరువు దక్కలేదు. చెరపోయిన ఉత్తరదేశీయులు తిరిగి రాలేదు, వారి చరిత్రను వారి దృష్టితో వ్రాసినవాడును లేడు. అయితే స్వదేశముననే మిగిలినవారి సంతతి మేమని చెప్పుకొను సమరయులు, ఎఫ్రాయిము మనష్షే గోత్రములను తమవిగా నెన్నుకొని, గెరిజీము కొండమీద నేటికిని పస్కాబలి యర్పించుచున్నారు.