పలికే తీగ... పలికే ధర!

పాత సైకిల్ అమ్మితే పావు వంతు ధర రాదు. పాత టీవీ ఊరికే ఇస్తామన్నా తీసుకునేవారుండరు. గిటార్ల లోకంలో మాత్రం లెక్క తిరగబడుతుంది. ఒకప్పుడు మూడొందల డాలర్లలోపు దొరికిన గిటార్ అరవై ఏళ్ల తర్వాత లక్షల డాలర్లు పలుకుతుంది. గీతలు పడినా, రంగు వెలిసినా ఫర్వాలేదు. ముచ్చటపడి కొత్తగా రంగు వేయించారో... ధర సగానికి పడిపోతుంది! ఎందుకిలా? మంచి గిటార్లను వెతికి కొనుక్కునేవారు, శ్రద్ధగా బాగుచేసుకునేవారు, మనసొప్పకపోయినా అమ్ముకునేవారు... వీళ్లందరిదీ ఓ ప్రత్యేక ప్రపంచం. అందులోకి ఓసారి తొంగిచూస్తే...

లండన్‌లో డెన్మార్క్ స్ట్రీట్, టోక్యోలో ఒచనొమిజు. మన హైదరాబాద్‌లో పాత పుస్తకాలకు కోఠి ఎలాగో గిటార్ల పిచ్చివాళ్లకు ఆ వీధులు అలాగ. అమెరికాలోని నాష్‌విల్‌లో జార్జ్ గ్రూన్ 1970లో పాత గిటార్ల దుకాణం తెరిచారు. ఏ గిటార్ ఏ ఏడాదిదో ఆనవాళ్లను బట్టి గుర్తుపట్టడమెలాగో చెబుతూ ఆయన మరొకరితో కలిసి ఏకంగా ఓ పుస్తకమే రాశారు. పాత నాణేలు సేకరించేవారికి టంకశాల గుర్తు ఎంత ముఖ్యమో ఈ గిటార్ ప్రియులకు ఓ మర, ఓ తీగ, ఓ అతుకు అంత ముఖ్యం.

అమ్ముడుపోని సరుకే... అపురూపం!

ఈ ప్రపంచంలో అందరూ కలలుగనే గిటార్ ఏదంటే గిబ్సన్ కంపెనీ 1958 నుంచి 1960 వరకూ తయారుచేసిన లెస్‌పాల్ స్టాండర్డ్. అంచుల్లో ఎరుపు, మధ్యకొచ్చేసరికి పసుపు... అస్తమించే సూర్యుడిలా ఉండే ఆ రంగు వల్ల ‘సన్‌బర్స్ట్’ అన్న పేరొచ్చింది. అభిమానులు ముద్దుగా ‘బర్స్ట్’ అంటారు. విచిత్రమేంటంటే అప్పట్లో దాన్ని పెద్దగా ఎవరూ కొనలేదు. బరువెక్కువ, పాతకాలం రూపం అనుకున్నారు. కంపెనీ కూడా విసుగెత్తి 1961 నాటికి ఆ రూపాన్నే మార్చేసింది. ఆ మూడేళ్లలో తయారైనవి పదిహేను వందలకు అటూఇటూగా ఉంటాయని అంచనా.

ఆ తర్వాత కథ మారింది. ఎరిక్ క్లాప్టన్, పీటర్ గ్రీన్, జిమ్మీ పేజ్ లాంటి బ్రిటిష్ కుర్రాళ్లు ఆ గిటార్లను చవగ్గా కొని వేదికలెక్కారు. వాళ్ల చేతుల్లో ఆ మోత విన్నవారంతా దుకాణాలకు పరుగెత్తారు. సరుకేదీ? గిబ్సన్ నాలుక్కరుచుకుని 1968లో లెస్‌పాల్‌ని మళ్లీ మొదలుపెట్టింది. కానీ ‘ఆ మూడేళ్లవి’ వేరు కదా! ఇప్పుడు వాటి ధరతో మన దగ్గర ఓ మంచి ఇల్లే కొనుక్కోవచ్చు.

చేతులు మారిన గ్రీనీ

అలాంటి ఓ 1959 గిటార్ కథ వింటే ఈ ప్రపంచం మొత్తం అర్థమైపోతుంది. అది ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బృందాన్ని స్థాపించిన పీటర్ గ్రీన్‌ది. దానికో ‘లోపం’ ఉంది. తీగల కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పికప్‌లు అందులో రెండుంటాయి. ఒకదానిలో అయస్కాంతం తిరగబడి ఉంది. రెంటినీ కలిపి వాయిస్తే శబ్దం కాస్త ముక్కుతో మాట్లాడినట్టు, గుండెలో ఏదో ఖాళీ అయినట్టు వినిపిస్తుంది. కంపెనీ లెక్కలో అది తప్పు. శ్రోతల లెక్కలో అదే పీటర్ గ్రీన్ సంతకం!

గ్రీన్ 1970లో బృందాన్ని వదిలేశారు. కొన్నాళ్లకు గిటార్‌నీ వదిలేయాలనుకున్నారు. గ్యారీ మూర్ అనే ఐరిష్ కుర్రాడికి మొదట వాడుకోమని ఇచ్చారు. తర్వాత కొనుక్కోమన్నారు. అంత డబ్బు తన దగ్గర లేదన్నాడా కుర్రాడు. ‘నీ గిటార్ అమ్ము. ఎంతొస్తే అంత నాకివ్వు’ అన్నారట గ్రీన్. ఈ సంగతి మూరే తర్వాత చెప్పుకున్నారు. గ్రీన్‌కి కావలసింది ధర కాదు, దాన్ని బాగా చూసుకునే చెయ్యి.

మూర్ ఆ నమ్మకాన్ని మూడు దశాబ్దాలకు పైగా నిలబెట్టారు. 1995లో గ్రీన్ పాటలతోనే ‘బ్లూస్ ఫర్ గ్రీనీ’ అనే ఆల్బమ్ చేశారు. 2006లో ఆయనా దాన్ని అమ్ముకోవాల్సివచ్చింది. అక్కణ్నుంచి వ్యాపారులు, సేకర్తల మధ్య తిరిగి, 2014లో మెటాలికా బృందం గిటారిస్టు కిర్క్ హ్యామెట్ చేతికొచ్చింది. ఇనప్పెట్టెలో దాచుకోవాల్సిన వస్తువది. కానీ హ్యామెట్ దాన్ని వేలాదిమంది ముందు వేదికల మీద వాయిస్తున్నారు.

రంగు మార్చితే... రంగు పడుద్ది!

మరి పాతది కనిపించగానే కొనేస్తారా? అదేం కుదరదు. పెళ్లిచూపులకంటే గట్టిగా పరీక్షలు జరుగుతాయి. అతినీలలోహిత దీపం కింద పెడతారు. పాత నైట్రోసెల్యులోజ్ లక్క ఆ వెలుగులో ఆకుపచ్చ, పసుపు కలిసిన రంగులో మెరుస్తుంది. తర్వాత పూసిన రంగు అలా మెరవదు. వెనక మూత విప్పి, లోపలి టంకం అతుకులు కదిపినవో కాదో చూస్తారు. శబ్దం పెంచే మీటల కింద ఉండే చిన్న భాగం మీద, అది ఏ ఏడాది ఏ వారంలో తయారైందో అంకెలుంటాయి. గిటార్ 1959ది అంటూ ఆ భాగం 1965ది ఉంటే బేరం అక్కడే ఆగిపోతుంది.

అన్నీ మొదటివే అయి, రంగు మాత్రం మళ్లీ వేయిస్తే ధర దాదాపు సగం. తల దగ్గర విరిగి అతికిస్తే అది ఎంత బాగా అతికినా అంతే. గిబ్సన్ తల భాగం వెనక్కి వంగి ఉంటుంది. పెట్టెతో సహా కిందపడినా అక్కడే విరుగుతుంది. అందుకే ‘వాయించుకోవడానికి’ మాత్రమే కొనేవారు ఏరికోరి విరిగి అతికినవాటినే తీసుకుంటారు. మోత అదే, ధర సగం!

ఈ నియమాలన్నిటినీ వెక్కిరించిన గిటార్లూ ఉన్నాయి. క్లాప్టన్ 1970లో నాష్‌విల్‌లోని ఓ దుకాణంలో ఫెండర్ స్ట్రాటోకాస్టర్లు ఆరు కొన్నారు. ఒక్కోటి వంద డాలర్లు. మూడింటిని స్నేహితులు జార్జ్ హ్యారిసన్, పీట్ టౌన్‌షెండ్, స్టీవ్ విన్‌వుడ్‌లకు పంచేసి, మిగతా మూడింట్లోని మంచి భాగాలు ఏరి ఒక్కటిగా బిగించారు. అదే ‘బ్లాకీ’. సేకర్తల భాషలో అతుకుల బొంత! 2004లో అదే వేలంలో 9,59,500 డాలర్లు పలికింది. అప్పటి లెక్కలో నాలుగు కోట్ల రూపాయలకు పైనే. వ్యసనాల నుంచి బయటపడేవారి కోసం క్లాప్టన్ ఆంటిగ్వాలో పెట్టిన చికిత్సా కేంద్రానికి ఆ డబ్బు వెళ్లింది. పింక్ ఫ్లాయిడ్ బృందానికి చెందిన డేవిడ్ గిల్మర్ తన ‘బ్లాక్ స్ట్రాట్’కి లెక్కలేనన్ని మార్పులు చేశారు. 2019లో అది 39 లక్షల 75 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ వేలంలో ఆయన గిటార్లన్నీ కలిపి రెండు కోట్ల పదిహేను లక్షల డాలర్లు తెచ్చాయి. మొత్తాన్నీ వాతావరణ మార్పులపై న్యాయపోరాటం చేసే క్లయింట్ఎర్త్ సంస్థకిచ్చారు గిల్మర్.

నకలుకీ ఓ రోజొచ్చింది

1970లలో జపాన్ కంపెనీలు అమెరికా గిటార్లను అచ్చుగుద్దినట్టు తయారుచేసి చవగ్గా అమ్మాయి. చూసీచూసీ 1977లో గిబ్సన్ మాతృసంస్థ నార్లిన్ కోర్టుకెక్కింది. ఐబానెజ్ గిటార్లను అమెరికాలో అమ్మే కంపెనీ మీద... తల ఆకారం కాపీ కొట్టారని దావా. అది రాజీతో ముగిసింది. కానీ ‘లాసూట్’ గిటార్లన్న పేరు నిలిచిపోయింది. తీరా చూస్తే ఆ నకళ్లలో కొన్ని అప్పటి అసలుకంటే శ్రద్ధగా చేసినవని జనం గుర్తించారు. దెబ్బతో ఫెండర్ కంపెనీ 1982లో జపాన్‌లోనే తయారీ మొదలుపెట్టింది. ఆ తొలి రోజుల్లో ‘జేవీ’ అక్షరాలతో వచ్చిన స్క్వయర్ గిటార్ల కోసం ఇప్పుడు వెతుకులాట. చవక సరుకుగా పుట్టినవే పురావస్తువులయ్యాయి.

కొయ్య కోసం ఆంక్షలు

గిటార్ ధరలో కొయ్యకూ వాటా ఉంది. ఒకప్పుడు మేలురకం గిటార్లకు బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడేవారు. ఆ దేశం దుంగల ఎగుమతిని అడ్డుకోవడంతో అమెరికాలోని మార్టిన్ కంపెనీ 1969లో భారతీయ రోజ్‌వుడ్‌కి మారింది. దక్షిణ భారత అడవుల్లో పెరిగే ఈ చెట్టునే మనవాళ్లు జిట్టేగి అంటారు. అలా మన నేల కొయ్య ప్రపంచమంతా పాడుతోంది! బ్రెజిల్ కొయ్యని 1992లో సైట్స్ ఒప్పందం కింద అత్యంత కఠిన జాబితాలో చేర్చారు. దాంతో చేసిన పాత గిటార్‌ని దేశం దాటించాలంటే ఇప్పటికీ పత్రాలు కావాలి. 2017లో రోజ్‌వుడ్ జాతులన్నిటికీ నిబంధనలు పెట్టి, 2019 చివర్లో మిగతా రకాలతో తయారైన వాద్యాలకు సడలింపునిచ్చారు.

ఓ పావు చుట్టు... చాలు!

లక్షల డాలర్ల సంగతి సరే. పరీక్షలయ్యాక గిటార్ కొనిపెట్టమని పిల్లలు అడిగే ఇళ్లకు పనికొచ్చే రహస్యం ఒకటుంది. దాన్నే ‘సెటప్’ అంటారు. ఎంత ఖరీదైన గిటార్ అయినా సెటప్ సరిగా లేకపోతే చెక్కపెట్టే. సాదా గిటార్ అయినా సెటప్ కుదిరితే చేతిలో వెన్న.

మామూలు చెక్క గిటార్ ఆరు తీగలూ కలిపి దాదాపు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. అంటే ఓ నిండు మనిషి బరువు! ఆ లాగుడికి మెడ భాగం వంగుతుంది. దాన్ని కాచేందుకు లోపల ఓ ఉక్కు కడ్డీ ఉంటుంది. దాని పేరు ట్రస్‌రాడ్. గిబ్సన్ కంపెనీ ఉద్యోగి 1923లో పేటెంట్ పొందిన ఏర్పాటిది. చిన్న తాళంతో దాన్ని కొంచెం బిగించినా వదులు చేసినా మెడ వంపు మారుతుంది. ఒకసారికి పావు చుట్టుకు మించి తిప్పకూడదు. తొందరపడితే కడ్డీ విరుగుతుంది, గిటార్ పోతుంది.

తర్వాత తీగల ఎత్తు. వీణకు మెట్లున్నట్టే గిటార్‌కు ఫ్రెట్లుంటాయి. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎడం చెక్క గిటార్‌లో లావు తీగకు రెండున్నర మిల్లీమీటర్ల దరిదాపుల్లో, ఎలక్ట్రిక్‌లో ఒకటిన్నర మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటే హాయి. అదే నాలుగు మిల్లీమీటర్లుంటే? తీగ నొక్కడానికే వేళ్లు వాచిపోతాయి. ‘మావాడికి శ్రద్ధ లేదు, వారానికే మూలపడేశాడు’ అని పెద్దలు వాపోతుంటారు. చాలాసార్లు తప్పు పిల్లాడిది కాదు... తీగల ఎత్తుది!

చివరిది శ్రుతి. పన్నెండో ఫ్రెట్ మీద తీగను నొక్కకుండా వేలితో తాకి మీటితే ఒక స్వరం వస్తుంది. నొక్కి మీటినా అదే స్వరం రావాలి. తేడా ఉంటే బ్రిడ్జ్ దగ్గర సరిచేయాలి. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే గిటార్‌కి సుఖం. సముద్రతీరపు ఉక్కకు చెక్క ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. ఎండల్లోనూ ఏసీ గదుల్లోనూ చెక్క బిగుసుకుని పగులుతుంది. అందుకే పెట్టెలో పెట్టడం, కారు డిక్కీలో వదిలేయకపోవడం... ఈ రెండూ తప్పనిసరి.

కొనేముందు ఇవి చూడండి...

* బ్రాండు పేరు చూసి మురిసిపోవద్దు. ఉదాహరణకు గిబ్సన్ గిటార్ తలమీద ట్రస్‌రాడ్‌ని కప్పే చిన్న మూతకు రెండే మరలుంటాయి. మూడుంటే అనుమానించాల్సిందే.
* 1977 తర్వాతి గిబ్సన్‌లలో చాలావాటి సీరియల్ నంబర్లో మొదటి, అయిదో అంకెలు కలిపితే తయారైన ఏడాది తెలుస్తుంది. అమ్మేవారు చెప్పే ఏడాదితో సరిపోల్చండి.
* మెడని కంటి దగ్గర పెట్టుకుని బాణం గురిచూసినట్టు చూడండి. కాస్త వంపుంటే సరిచేయొచ్చు. మెలి తిరిగి ఉంటే వదిలేయండి.
* ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ మీదా మీటండి. ఎక్కడైనా జరజరమంటే ఫ్రెట్లు అరిగాయేమో చూడాలి.
* బ్రిడ్జ్ వెనక చెక్క పైకి లేచిందా, సందులోకి కాగితం దూరుతోందా గమనించండి. దూరితే జిగురు వదులుతున్నట్టే.
* సెటప్ చేయించే ఖర్చునూ బేరంలో కలుపుకోండి.

అమ్మేవారికీ ఓ నీతి ఉంది. విరిగిందీ, మార్చిందీ ముందే చెప్పేయాలి. మార్చిన పాత భాగాల్ని పారేయకుండా సంచిలో వేసి గిటార్‌తో పాటే ఇవ్వాలి. పదిమందీ ఒకరికొకరు తెలిసిన ఈ చిన్న లోకంలో పరువు పోతే మళ్లీ ఏ గిటారూ అమ్ముడుపోదు.

అద్దాల బీరువాలోనా... ఒళ్లోనా?

గిటార్ ప్రియుల మధ్య ఎప్పటికీ తెగని తగవు ఇదే. పాత గిటార్‌కి అరిగిన ఫ్రెట్లు మారిస్తే సేకర్త మొహం చిట్లిస్తాడు. మార్చకపోతే వాయించేవాడికి స్వరం పలకదు. ధర కాపాడాలా? పాట కాపాడాలా? సైకిల్ గొలుసు అరిగితే మార్చినట్టే ఫ్రెట్లూ మార్చుకోవాలంటారు వాయిద్యకారులు. అవి అరిగేందుకే పుట్టాయన్నది వాళ్ల వాదన. ఒక్కసారి చెరిపితే చరిత్ర తిరిగిరాదంటారు సేకర్తలు. ఇద్దరి మాటా నిజమే.

కాకపోతే ఒక్కటి గమనించాలి. బ్లాకీ అయినా, గ్రీనీ అయినా, గిల్మర్ నల్ల గిటార్ అయినా ఎవరో ఏళ్లతరబడి అరగదీసి వాయించబట్టే వాటికి ఆ విలువ. ఇంట్లో అటక మీద దుమ్ముకొట్టుకుపోతున్న గిటార్ ఉంటే ఓసారి దించండి. తీగలు మార్పించి, సెటప్ చేయించండి. కోట్లు రాకపోవచ్చు... పాట మాత్రం వస్తుంది!