ఇంజనును విప్పకముందే కడుగవలయును

మన సంఘసభ్యులలో ట్రాక్టరుగాని, నూనె ఇంజనుగాని గలవారు పెక్కుమంది కలరు. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చిన పిమ్మట నూతులపై మోటారులు హెచ్చినను, దుక్కికి, దమ్మునకు, తోలకమునకు ఇంజను లేనిదే నేడు సేద్యము సాగదు. అట్టి ఇంజను చెడినప్పుడు రైతు అప్పు చేసియైనను క్రొత్త లైనర్లు, రింగులు వేయించును. ఒక్క కారు గడవకమున్నే అది మరల పొగ గ్రక్కి చమురు త్రాగనారంభించినచో, రైతు సామానులను నిందించును. సామానులమ్మినవాడు మేస్త్రీని నిందించును. పెక్కుమారులు దోషము వీరిరువురిదియు గాదు. విప్పునపుడు లోపలికి జారిన చిటికెడు దుమ్మే ఆ చేటునకు కారణము.

మన సీమలో ఈ మాలిన్యము రెండు విధములు. ఉదయగిరి మెట్టపొలములలో ఎండకాలపు దుక్కివలన లేచిన ధూళి, ఇంజనుపై చమురు ఊరుచోట్లనెల్ల అంటుకొని అట్టలు గట్టును. ఆత్మకూరు ప్రాంతమున సోమశిల నీరు పారు మాగాణులలో దమ్ము చేయునపుడు బురద చిమ్మి, ఎండి, మూలలయందు పేరుకొనును. రెండింటను ఇసుక రేణువులు గలవు. ఖనిజముల గట్టిదనమును పోల్చుటకు 1812లో మోస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఏర్పరచిన పది మెట్ల కొలతలో ఇసుకలోని స్ఫటికము 7వ మెట్టున నున్నది. చాకు ఉక్కు సుమారు 5½ మాత్రమే. కావున ఇసుక లైనరును గీయును. తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. తిరుగుచున్న బేరింగును కాపాడు చమురు పొర సన్ననిచోట కొన్ని మైక్రానులు మాత్రమే. కంటికగపడని రేణువైనను ఆ పొరను దాటి లోహమును తాకగలదని దీనివలన తెలియుచున్నది.

మరమ్మతునకు కాలము నెంచుకొనుటయు ముఖ్యమే. మన జిల్లాకు వర్షములు హెచ్చుగా అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఈశాన్య ఋతుపవనమువలన గలుగును. ఆ దినములలో ట్రాక్టరు నిలిచినచో అదను తప్పును. తప్పిన అదను ధనమిచ్చినను తిరిగిరాదు. కావున సెప్టెంబరు ముగియకమున్నే పనిని పూర్తిచేసికొనవలెను.

బాటప్రక్క చెట్టుక్రింద ఇంజనును విప్పించుట మన యూళ్లలో వాడుక. అది మానవలసిన వాడుక. గాలి వీచని కొట్టములో నేలపై నీరు చల్లి, మందపు పట్టా పఱచి, దానిపై పని జరుపవలెను. ఇంజను పూర్తిగా చల్లారవలెను. వేడి హెడ్డుపై చన్నీరు పోసినచో అది పగులవచ్చును. బ్యాటరీ తీగ విప్పి, గాలి పీల్చు గొట్టమును, పొగగొట్టమును, డైనమోను, డీజిలు పంపును ప్లాస్టిక్కు సంచులతో బిగించి కట్టవలెను. పిమ్మట వెదురు బద్దతో అట్టలను గీకి, డీజిలులోగాని కిరసనాయిలులోగాని ముంచిన కుంచెతో జిడ్డును కరగించి, సబ్బు కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, ఆరనీయవలెను. పెట్రోలు వాడుట ప్రాణాపాయము. కడుగుచోట బీడీ వెలిగింపరాదు.

పైభాగము తేటపడిన పిదపనే మరలను త్రిప్పవలెను. విప్పిన డీజిలు గొట్టముల నోళ్లను వెంటనే మూయవలెను. భాగములను ఏ వరుసలో తీసితిరో ఆ వరుసలోనే శుభ్రమైన గుడ్డపై పేర్చవలెను. వాల్వులును, బేరింగు చిప్పలును తిరిగి వాడదలచినచో, ఏవి యెచట నుండెనో అచటనే అమర్చవలెను.

పిస్టను తలపై గట్టిన మసిని కొయ్యబద్దతో గీకవలెనేగాని ఉలితో గాదు. రింగుల గాళ్లను విరిగిన పాతరింగు ముక్కతో శుభ్రపరుపవచ్చును. పిస్టను అల్యూమినియముదైనచో కాస్టిక్కు సోడా తాకింపరాదు. అది ఆ లోహమును తినివేయును. అడుగు తొట్టిలోని మడ్డిని, చమురు జల్లెడను కడిగి, క్రాంకులోని చమురు రంధ్రములలో గాలి నూది దారి తెఱవవలెను. ఈ రంధ్రములను మఱచినచో తక్కిన శ్రమ వ్యర్థము. అందు దాగిన మడ్డి మొదటి దినముననే క్రొత్త బేరింగునకు చేరును.

లైనరును రాపిడి రాళ్లతో రుద్దించినచో, ఆ రాతిపొడి డీజిలుతో మాత్రమే పోదు. సబ్బు కలిపిన వేడినీటితో కుంచెవేసి కడిగి, ఆరినవెంటనే త్రుప్పు పట్టకుండ చమురు పూయవలెను. దీనికొక సులభమైన పరీక్ష గలదు. తెల్లని పాతపంచె గుడ్డను చమురులో తడిపి లైనరులోపల తుడువుడు. గుడ్డపై నలుపు కనబడినచో మరల కడుగవలయును. గుడ్డ తెల్లగానే వచ్చువఱకు పిస్టనును ఎక్కింపనీయకుడు. ఈ పరీక్షకు చదువక్కఱలేదు. యజమాని స్వయముగా చేయవచ్చును.

నాజిలు రంధ్రములలో ఇనుపతీగ దూర్చరాదు. దానిని పరీక్షించునపుడు చేయి అడ్డము పెట్టకుడు. నాజిలునుండి డీజిలు వాయుపీడనమునకు సుమారు 200 రెట్ల ఒత్తిడితో వెడలి చర్మమును చీల్చుకొని లోపలికి పోవును. అట్టి గాయము చిన్నదిగా తోచినను, తత్క్షణమే ఆసుపత్రికి పోవలెను.

తిరిగి బిగించునపుడు క్రొత్త చమురు, క్రొత్త ఫిల్టరులు వేయవలెను. గాలి ఫిల్టరు చమురుతొట్టి గలదైనచో పాత చమురును పారబోసి, తొట్టిని కడిగి, గుర్తువఱకు క్రొత్త చమురు నింపవలెను. ధూళి లేచు దినములలో దానిని దినదినము చూచుకొనవలెను. గాలిగొట్టపు రబ్బరు చీలియున్నచో మార్చుడు; ఆ చీలిక యుండగా ఎంత కడిగినను ఫలము లేదు. తీసిన మడ్డినూనెను కాలువలోగాని నూతిదరిగాని పోయక, డబ్బాలో నింపి పాతనూనె కొనువారికీయవలెను.

ఇందులకు పట్టా, కుంచెలు, కడుగుపళ్లెములు, ఒక దినపు ఓపిక కావలెను. ప్రతి రైతును వీనిని వేఱువేఱుగా కొననక్కఱలేదు. గ్రామమునకొక కొట్టమును, ఒక జత పనిముట్లను సంఘసభ్యులు కలిసి ఏర్పరచుకొనవచ్చును. మేస్త్రీ తొందరపెట్టినను, ఆ యొక్క దినమును కడుగుటకు విడువుడు. లైనరుకై చేసిన అప్పు తీరువఱకైనను లైనరు నిలువవలెను గదా.