కంఠద్వారమున కావలి

కోటకు సింహద్వారమెట్టిదో శరీరమునకు నోరును ముక్కును అట్టివి. మనుజుడు పీల్చు గాలి, త్రాగు నీరు, తిను అన్నము సర్వమును ఈ ద్వారముల గుండనే లోనికి పోవలెను. వానితోపాటు కంటికి కనబడని సూక్ష్మజీవులును లెక్కకు మిక్కిలిగా ప్రవేశించుచుండును. వానిలో పెక్కు నిరపాయకరములు. కొన్ని మాత్రము ప్రాణాంతకములు. మిత్రులెవరో శత్రువులెవరో గుర్తింపగల కావలివారు ద్వారముకడనే ఉండుట యుక్తము. ప్రకృతి అట్టి ఏర్పాటునే గావించినది.

అద్దము ముందు నిలిచి నోరు బాగుగా తెరచి చూచినచో, అంగిలి చివర వ్రేలాడుచున్న కొండనాలుక కనబడును. దానికి ఇరుప్రక్కల బాదముగింజలవంటి రెండు మెత్తని ఉబ్బెత్తు భాగములుండును. ఇవియే టాన్సిలులు. ముక్కు వెనుకను, నాలుక మొదటను కూడ ఇట్టి కణజాలమే కలదు. ఇవన్నియు కలిసి కంఠద్వారము చుట్టును ఒక వలయమువలె అమరియున్నవని జర్మను శరీరశాస్త్రజ్ఞుడు వాల్డేయర్ 1884లో వర్ణించెను. నేటికిని ఆ వలయము ఆయన పేరనే పిలువబడుచున్నది.

టాన్సిలు పైభాగము నునుపుగా నుండదు. దానిలో లోతైన సందులనేకములు కలవు. లోనికి పోవు సూక్ష్మజీవులు ఈ సందులలో చిక్కుకొనును. అచ్చట పొంచియున్న తెల్లకణములు వానిని పరీక్షించి, వానికి తగిన ప్రతిరక్షకములను తయారుచేయు కణములను సిద్ధపరచును. కనుక టాన్సిలు కావలిచోటు మాత్రమే కాదు. కొత్త శత్రువుల ఆనవాలు నేర్చుకొను పాఠశాల కూడ. కొత్త సూక్ష్మజీవులతో పరిచయము బాల్యముననే అధికము. అందుచేతనే టాన్సిలులు బాల్యమున పెద్దవిగా నుండి, యౌవనము వచ్చుకొలదిని చిన్నవగుచుండును.

కాని కావలివారు సైతము ఓడిపోవు సందర్భములు కలవు. అట్టి వానిలో మిక్కిలి ఘోరమైనది కంఠసర్పి. దీనినే పాశ్చాత్యులు డిఫ్తీరియా యందురు.

ఈ వ్యాధి సామాన్యమైన గొంతునొప్పివలె మొదలగును. జ్వరము కూడ అంత తీవ్రముగా నుండదు. రెండు మూడు దినములలో టాన్సిలులపై బూడిదవన్నె పొర యొకటి ఏర్పడును. అది గట్టిగా అంటుకొని యుండును. పెరికివేయజూచినచో నెత్తురు కారును. మెడ వాచును. పొర క్రమముగా క్రిందికి పాకి స్వరపేటికను కప్పివేసినచో బిడ్డకు ఊపిరి యాడదు. తల్లి యొడిలోనే బిడ్డ ఉక్కిరిబిక్కిరియై ప్రాణములు విడుచుట పూర్వకాలమున తరచుగా జరుగుచుండెడిది. ధనికులని, దరిద్రులని ఈ వ్యాధికి భేదము లేదు. ఇంగ్లండు రాణి విక్టోరియా కుమార్తె ఆలిస్ 1878లో తన బిడ్డలకు సోకిన ఈ వ్యాధివలననే తానును మరణించెను.

ఫ్రాన్సు దేశమున టూర్సు నగరపు వైద్యుడు బ్రెతొన్నో ఈ రోగమును శ్రద్ధతో పరిశీలించి, తోలు అను నర్థము గల గ్రీకు పదమునుండి 1826లో దీనికి పేరు పెట్టెను. గొంతులోని పొర తోలువలె నుండుటయే దానికి కారణము. ఊపిరి యాడని యొక బాలికకు 1825లో ఆయన శ్వాసనాళమున రంధ్రము చేసి ప్రాణము నిలిపెను. కాని అది గాలికి దారి చూపుట మాత్రమే. రోగమును కుదుర్చుట కాదు.

రోగకారణము తెలియుటకు మరి అరువదేండ్లు పట్టెను. 1883లో క్లెబ్స్ అను శాస్త్రజ్ఞుడు రోగుల గొంతులోని పొరయందు కడ్డీవంటి సూక్ష్మజీవిని చూచెను. మరుసటి యేట బెర్లినులో లోఫ్లర్ దానిని వేరుచేసి, ప్రయోగశాలలో పెంచి, జంతువులకెక్కించి రోగము కలుగుట గమనించెను. కాని ఆయనకొక సందేహము కలిగెను. సూక్ష్మజీవులు గొంతులోని పొరయందే యుండెను. గుండెలోగాని, ఇతర అవయవములలోగాని వాని జాడ లేదు. అట్లయినను ఆ యవయవములు చెడిపోయియుండెను. గొంతు నయమై లేచి కూర్చున్న బిడ్డ కొన్ని దినములకు గుండె యాగి హఠాత్తుగా మరణించుట వైద్యులెరిగినదే. కొందరికి అంగిలి పక్షవాతమునకు లోనై, త్రాగిన నీరు ముక్కునుండి వచ్చుచుండెడిది. గొంతులో కూర్చున్న సూక్ష్మజీవి దూరముననున్న గుండెను ఎట్లు కొట్టగలదు?

ఒక ఆరోగ్యవంతుడగు బాలుని గొంతులో కూడ లోఫ్లరుకు ఆ సూక్ష్మజీవి కనబడెను. తన సిద్ధాంతమునకు చిక్కు కలిగించు ఈ విషయమును ఆయన దాచలేదు, ఉన్నదున్నట్లు ప్రకటించెను. సూక్ష్మజీవి ఏదో విషమును పుట్టించుచుండవచ్చునని మాత్రము సూచించెను.

ఆ సూచనను నిజమని చూపినవారు పారిసులో పాశ్చరు కడ పనిచేసిన రూ, యెర్సిన్ అనువారు. సూక్ష్మజీవులను మాంసరసములో పెంచి, ఆ రసమును 1888లో వారు పింగాణీ వడపోత సాధనము గుండ వడగట్టిరి. సూక్ష్మజీవులు పైననే నిలిచిపోయెను. క్రిందికి దిగిన రసములో ఒక్కటియు లేదు. అయినను ఆ రసమును ఎక్కించిన జంతువులు కంఠసర్పి రోగులవలెనే మరణించెను. దొంగ యింటిలోనికి రాక వాకిటనే కూర్చుండి, లోనికి పారు కాలువలో విషము కలిపినచో నెట్లుండునో ఇదియు నట్టిదే. సూక్ష్మజీవి గొంతులోనే యుండును. దాని విషము రక్తముతో దేహమంతటను ప్రాకును.

ఈ విషము పుట్టుకలో మరియొక వింత కలదు. కంఠసర్పి సూక్ష్మజీవులన్నియు విషము చేయజాలవు. సూక్ష్మజీవికే సోకు ఒకానొక వైరసు దానిలో ప్రవేశించిననే అది విషపూరితమగునని అమెరికా శాస్త్రజ్ఞుడు ఫ్రీమన్ 1951లో కనుగొనెను. విషమును తయారుచేయు సూచన ఆ వైరసు తెచ్చిపెట్టునదే.

రోగమునకు మూలము విషమని తేలిన పిమ్మట, ఆ విషమునకు విరుగుడెక్కడ దొరకునను ప్రశ్న పుట్టెను. దానికి సమాధానము రోగమును తట్టుకొని బ్రతికిన జంతువుల రక్తముననే లభించెను. బెర్లినులో కోఖ్ ప్రయోగశాలయందు పనిచేయుచుండిన జర్మను వైద్యుడు బేరింగ్, జపాను శాస్త్రజ్ఞుడు కితసాతో కలిసి 1890లో ఒక వ్యాసము ప్రకటించిరి. ధనుర్వాతమునుగాని, కంఠసర్పినిగాని జయించిన జంతువు రక్తమునుండి గడ్డకట్టు భాగమును తొలగించి, మిగిలిన రక్తరసమును వేరొక జంతువునకెక్కించినచో, దానికిని ఆ విషమునుండి రక్షణ కలుగునని వారు నిరూపించిరి. రక్తరసములోని ఆ గుణమునకు ప్రతివిషమని పేరు వచ్చెను. ఈ పరిశోధనకు గాను వైద్యశాస్త్రమున మొట్టమొదటి నోబెల్ బహుమానము 1901లో బేరింగునకు లభించెను.

చిన్న జంతువులనుండి లభించు రక్తరసము కొలదిపాటి. వేలకొలది బిడ్డలకు చాలవలెనన్న పెద్ద జంతువు కావలెను. కనుక గుర్రములను ఎన్నుకొనిరి. గుర్రమునకు విషమును మొదట అత్యల్పముగా నిచ్చి, క్రమముగా మోతాదు పెంచెదరు. దాని దేహము దినదినమును ప్రతివిషమును తయారుచేయుచుండును. పిదప దాని రక్తమును కొంత తీసి, రక్తరసమును వేరుచేసెదరు. ప్రతి సీసాలోని ప్రతివిషపు బలమును ఒకే కొలమానముతో కొలుచు పద్ధతిని ఎర్లిఖ్ అను శాస్త్రజ్ఞుడు 1897లో ఏర్పరచెను.

1894లో రూ పారిసులోని పిల్లల ఆసుపత్రిలో ఈ రక్తరసమును ప్రయోగించెను. అంతకు పూర్వము నాలుగేండ్లలో ఆ ఆసుపత్రిలో చేరిన కంఠసర్పి రోగులలో నూటికి ఏబదికి పైగా మరణించియుండిరి. రక్తరస చికిత్స మొదలైన పిదప ఆ సంఖ్య సుమారు ఇరువదినాలుగునకు దిగెను. ఆ యేడు రోగమే తేలికగా వచ్చినదేమో యని సంశయించువారుండవచ్చును. కాని అదే కాలమున, అదే నగరమున, ఈ చికిత్స లేని మరియొక ఆసుపత్రిలో నూటికి అరువదిమంది మరణించిరి. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన నుంచి చూచినవారికి సందేహమునకు తావు లేకపోయెను. ఆ సంవత్సరమే బుడాపెస్టు నగరపు వైద్య మహాసభలో రూ ఈ ఫలితములను వినిపింపగా వైద్యులందరు హర్షధ్వానములు చేసిరి.

అయినను రక్తరసమునకు లోపములు లేకపోలేదు. 1901లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున ఒక గుర్రమునకు ధనుర్వాతము సోకెను. దాని రక్తరసము పరీక్ష లేకయే పంచబడుటవలన 13 మంది పిల్లలు మరణించిరి. ఆ దుఃఖకర సంఘటన కారణముగా అట్టి మందుల తయారీపై ప్రభుత్వ తనిఖీ ఉండవలెనని 1902లో ఆ దేశమున చట్టము పుట్టెను.

రెండవ లోపము కాలమునకు సంబంధించినది. రక్తములో తిరుగుచున్న విషమును ప్రతివిషము పట్టుకొనగలదు. కణములలోనికి చొచ్చుకొనిపోయిన విషమును మరల వెలికి తీయజాలదు. కనుక ఆలస్యమైన ప్రతి దినమును ప్రాణాపాయమే. 1925 జనవరిలో అలాస్కాలోని నోమ్ అను మంచుపట్టణమున కంఠసర్పి వ్యాపించెను. అచ్చటి వైద్యుని కడనున్న ప్రతివిషము కాలము మీరినది. సముద్రము గడ్డకట్టియుండుటచే ఓడలు రాజాలవు. రైలుమార్గము చివరనుండి సుమారు 1,085 కిలోమీటర్ల దూరము ఇరువదిమంది బండివారు కుక్కలు లాగు మంచుబండ్లపై మందును చేతులు మార్చుకొనుచు తీసికొనిపోయిరి. చీకటిలో, మంచుతుపానులలో, అయిదున్నర దినముల లోపలనే వారు ఫిబ్రవరి 2న నోమ్ చేరిరి.

మూడవ లోపము మరియొకటి. గుర్రమునుండి వచ్చిన ప్రతివిషము అరువు సొమ్మువంటిది. కొలది వారములలో అది వ్యయమైపోవును. దేహము తన కష్టముచే సంపాదించుకొన్నదే చిరకాలము నిలుచును. అట్లయిన బిడ్డకు రోగము రాకుండ, ప్రతివిషమును తయారుచేయు విద్యను మాత్రము దేహమునకు నేర్పుట సాధ్యమా?

నోమ్ పట్టణమునకు మంచుబండ్లు పరుగెత్తుటకు రెండేండ్ల పూర్వమే ఆ మార్గము కనబడియుండెను. ఫ్రాన్సులో గాస్తోం రామోం అను శాస్త్రజ్ఞుడు కంఠసర్పి విషమునకు కొద్దిగా ఫార్మలిన్ చేర్చి, కొన్ని వారములు వెచ్చగా నుంచెను. విషపు హాని నశించెను. రూపము మాత్రము మారలేదు. కోరలు తీసిన పామువలె అది కరవజాలదు, కాని చూచినవారు పామును గుర్తుపట్టుట నేర్చుకొందురు. దేహము కూడ అట్లే ఈ నిర్విషమును చూచి నిజమైన విషమునకు ప్రతివిషము చేయుట నేర్చుకొనును. 1923లో రామోం ప్రకటించిన ఈ టాక్సాయిడే నేటి కంఠసర్పి టీకాకు మూలము.

మన దేశమున 1978లో విస్తృత టీకాల కార్యక్రమము, 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమము ప్రారంభమయ్యెను. నేడు శిశువునకు ఆరు, పది, పదునాలుగు వారములకు ఇచ్చు టీకాలో కంఠసర్పి నివారణ కూడ చేరియున్నది. పదునారు నుండి ఇరువదినాలుగు నెలల మధ్యను, అయిదారేండ్లకును మరల ఇచ్చెదరు. అంతటితో ముగియదు, పదియవ యేటను, పదునారవ యేటను కూడ ధనుర్వాత టీకాతో కలిపి ఇచ్చెదరు. నేర్చిన పాఠమును మరల చదువనిచో మరచిపోవునట్లే, దేహము కూడ ఏండ్లు గడచుకొలది ఈ విద్యను మరచుచుండును.

ఈ హెచ్చరికను తేలికగా తీసికొనరాదు. 1990 తరువాత సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన కాలమున అచ్చటి దేశములలో టీకాలు సన్నగిల్లెను. కొలది యేండ్లలోనే లక్షా ఏబదివేలమందికి పైగా కంఠసర్పి సోకి, సుమారు 5,000 మంది మరణించిరి. వారిలో పెద్దవారును అనేకులుండిరి. హైదరాబాదు నగరమున కూడ ఇరువదియొకటవ శతాబ్దమున ఈ వ్యాధి కనబడుచునే వచ్చినది. టీకా సూక్ష్మజీవిని చంపదు, దాని విషమును మాత్రమే వ్యర్థము చేయును. లోఫ్లర్ చూచిన బాలునివలె, ఆరోగ్యముగా నున్నవాని గొంతులో కూడ ఆ శత్రువు దాగియుండవచ్చును. కావున ఊరిలో కొందరు టీకా వేయించుకొనిన చాలదు, అందరును వేయించుకొనవలెను.

టాన్సిలుల విషయమున కూడ మానవుడొక పాఠము నేర్చెను. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున గొంతునొప్పి వచ్చిన పిల్లలకు అనేక దేశములలో వానిని అవసరమున్నను లేకున్నను కోసివేయుచుండిరి. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినదను సామెత ఇట్టి తొందరపాటునకు చక్కగా తగును. వాపు మాటిమాటికి తీవ్రముగా వచ్చుచున్నప్పుడును, నిద్రలో ఊపిరికి అడ్డు కలుగుచున్నప్పుడును మాత్రమే నేటి వైద్యులు వానిని తీసివేయ నిశ్చయింతురు. గొంతునొప్పితోపాటు తెల్లని లేక బూడిదవన్నె పొర కనబడినను, ఊపిరి కష్టమైనను, మెడ వాచినను ఇంటి వైద్యముతో కాలము గడపక వెంటనే ఆసుపత్రికి పోవలెను. కంఠద్వారముననున్న కావలివారు తమ పనిని తాము చేయుచున్నారు. వారికి శత్రువు ఆనవాలును ముందుగా తెలిపి, సకాలమున సాయమందించుట మనుజుల పని.